హంగేరీ రచయిత్రికి చిక్కడపల్లిలో సంతాప సభ

"మీరు ఏ భాష నుంచి అనువాదం చేస్తారండీ?" అని ఎవరైనా అడిగితే నాకు చిరాకు వస్తుంది. హంగేరియన్ నుంచి అంటే అబద్ధం. ఇంగ్లీషు నుంచి అంటే, ఓస్ అంతేనా అన్నట్టు మొహం పెడతారు. హంగేరియన్‌లో నాకు ఒక్క ముక్క రాదు. అయినా ఆ దేశపు రచయిత్రి ఒకావిడతో నాకు కొన్నేళ్ల చుట్టరికం. ఆవిడ నిక్షేపంలా బతికుండగానే మేము చిక్కడపల్లిలో ఆవిడకు సంతాప సభ జరిపాం. ఈ సంగతి నలుగురూ నాలుగు రకాలుగా చెప్పుకుని నవ్వుతున్నారు కాబట్టి, జరిగింది జరిగినట్టు నేనే రాసి పెట్టడం మంచిది.

2009లో ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆవిడ నవల దొరికింది. ఇంగ్లీషు అనువాదం. అట్ట వెనక ఆవిడ ఫొటో. పొట్టి జుట్టు, పెద్ద కళ్లద్దాలు, ఫొటో తీసేవాడి మీద ఏదో కోపం ఉన్న ముఖం. ఆ ముఖం చూసే పుస్తకం కొన్నాను. ఇంటికి వచ్చే దారిలో ఆటోలోనే మొదలుపెట్టి, హిమాయత్‌నగర్ దాటేలోపు ఎంత గట్టిగా నవ్వానంటే ఆటో అతను బండి ఆపి, "ఏమైంది మేడమ్, తబియత్ మంచిగున్నదా?" అని అడిగాడు.

నవలలో కథంటూ ఏమీ లేదు. ఒక ఐదంతస్తుల భవనంలో లిఫ్టు చెడిపోతుంది. అందులో ఉండేవాళ్లంతా కమిటీ వేసుకుంటారు. కమిటీ ప్రతి వారం కూర్చుని, లిఫ్టు బాగు చేయించాలని ఏకగ్రీవంగా తీర్మానిస్తుంది. తీర్మానం కాపీ పై అంతస్తు ముసలాయనకు ఇవ్వడానికి మెట్లెక్కే ఓపిక ఎవరికీ ఉండదు. పుస్తకం అయిపోతుంది, లిఫ్టు బాగవదు. అశోక్‌నగర్‌లో అపార్ట్‌మెంటు సంఘాల తీరు తెలిసిన నాకు ఇది బుడాపెస్ట్‌లో జరిగిన కథ అంటే నమ్మబుద్ధి కాలేదు.

నేను అప్పట్లో నారాయణగూడలో ఒక జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్పేదాన్ని. మాది అశోక్‌నగర్‌లో పాత మేడ. కింద మేము, పైన గ్రూప్ వన్‌కి చదివేవాళ్లు కిరాయికి. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి టీ తాగి రెండు పేజీలు తెలుగు చేయడం, రాసింది మా అత్తమ్మకు చదివి వినిపించడం అలవాటైంది. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనో, గోంగూర తెంపుతూనో వినేది. మా ఆయన మాత్రం క్రికెట్ ఉన్న రోజు క్రికెట్, లేని రోజు పాత క్రికెట్.

అత్తమ్మ శ్రద్ధ అంతా ఒక్క విషయం మీదే.

"ఇయ్యాలన్న బాగైందా లిఫ్టు?"

"లేదు అత్తమ్మా."

"గింతమంది ఉన్నరు, ఒక్కనికన్న రిపేరోన్ని పిలిచే అక్కెర లేదా?"

"అదే కథ అత్తమ్మా."

"గదేం కథ? పైన ముసలాయన ఆగమైతలేడా? పాలు ఎవలు తెచ్చిస్తున్నరు?"

ఆ ముసలాయనకు పాలు ఎవరు తెచ్చిస్తున్నారో రచయిత్రి రాయలేదు. అత్తమ్మ అడిగేదాకా నాకూ తోచలేదు.

రచయిత్రి జీవితం గురించి అట్ట మీద ఉన్నది పది వాక్యాలు. మైదాన ప్రాంతంలో, పలకడానికి నోరు తిరగని ఒక ఊళ్లో పుట్టింది. తండ్రి గడియారాలు బాగు చేసేవాడు. మొదటి నవలకు పేరు వచ్చింది. రెండోదాంట్లో ఒక మునిసిపల్ అధికారి నిద్రపోతున్నట్టు రాసినందుకు, అక్కడి ప్రభుత్వం చాలా ఏళ్లపాటు ఆవిడ రాసిందేదీ అచ్చు కానివ్వలేదు. ఆ ఏళ్లన్నీ దోసకాయలు ఊరబెట్టి సీసాల్లో నింపే కార్ఖానాలో సీసాల మీది కాగితాలకు మాటలు రాసే పని చేసింది. "చల్లని చోట ఉంచండి" అన్న వాక్యాన్ని ఎన్ని రకాలుగా రాయవచ్చో అక్కడే నేర్చుకున్నానని చెప్పుకునేదట. తర్వాత రోజులు మారాయి. లిఫ్టు నవల వచ్చింది. మరో రెండు పుస్తకాలు వచ్చాయి. అంతే.

ఇదంతా చెబితే అత్తమ్మకు దోసకాయల దగ్గర చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"నూనె ఎయ్యరా?"

"ఉప్పునీళ్లలో ఊరబెడతారట."

"గందుకే ఆ దేశంల లిఫ్టులు నడుస్తలేవు," అని తేల్చేసింది.

2011 నాటికి అనువాదం పూర్తయింది. నారాయణగూడ సందులో చిన్న ప్రెస్సు పెట్టుకుని ఏడాదికి నాలుగు పుస్తకాలు వేసే ప్రచురణకర్త దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన రెండు రోజుల్లో చదివి, నవ్వి, "వేద్దాం మేడమ్. కాని ఆమె పర్మిషన్ మెయిల్ తీస్కరాండ్రి. గది లేకుంటె నేను ఒక్క అక్షరం గూడ అచ్చెయ్య" అన్నాడు. ఎంత చెప్పినా కదలలేదు. అంటే నా రెండేళ్ల సాయంత్రాలు, ఎడాపెడా కొట్టివేతలతో నిండిన ఆ కాగితాల కట్ట, అన్నీ ఇక ఆవిడ "సరే" అనడం మీద ఆధారపడ్డాయి.

ఇంగ్లీషు ప్రచురణ సంస్థకు రాస్తే వాళ్లు ఆవిడ మెయిల్ అడ్రసు పంపారు. రాశాను. ఆవిడ జవాబు చాలా పొట్టిగా వచ్చింది. నాకు డెబ్బై ఎనిమిదేళ్లు, రాయడం మానేసి చాలా కాలమైంది, ఇక్కడే నన్ను ఎవరూ చదవడం లేదు, అక్కడెవరు చదువుతారు? చదివేవాళ్లు లేని పుస్తకానికి కాగితం దండగ. నాకు పాఠకులున్నారని చూపించండి. ఒక్క ఫొటో చాలు. అప్పుడు అనుమతి ఇస్తాను.

ఇక్కడ నా బుర్ర పాదరసంలా పని చేసింది. పుస్తకం అచ్చు కాకుండా పాఠకులు ఎలా వస్తారు? సభ పెడితే వస్తారు. చిక్కడపల్లిలో సభకు జనం రావడానికి పుస్తకం ఉండాలన్న నియమం ఏమీ లేదు. మా సాహిత్య బృందం అధ్యక్షులవారు ఒక రిటైర్డ్ తెలుగు ప్రొఫెసరు. ఏ రచయిత గురించైనా, చదివినా చదవకపోయినా, గంటసేపు మాట్లాడగల సమర్థులు. ఫోన్ చేసి అరగంట వివరించాను. ఆవిడ జీవించి ఉన్నారని, నేను రెండు అధ్యాయాలు చదువుతానని, తర్వాత చర్చ అని. ఆయన అన్నింటికీ "తప్పకుండా తల్లీ" అన్నారు.

జనం సంగతి మా పై పోర్షన్ సీనియర్‌కి అప్పగించాను. పాలమూరు జిల్లా నుంచి వచ్చి గ్రూప్ వన్‌కి ఎంతో కాలంగా చదువుతూ, ఆ చదువులోనే జుట్టు సగం పోగొట్టుకున్న మనిషి. అశోక్‌నగర్‌లో ప్రతి హాస్టలూ ఎరిగినవాడు.

"సిలబస్‌ల ఉన్నదా మేడమ్ ఈమె?"

"లేదు."

"మరెట్ల వస్తరు మేడమ్ మావోళ్లు?"

"మిర్చి బజ్జీ, టీ ఉంటాయి."

"గది ముందు చెప్పాలె గద మేడమ్," అన్నాడు. సభలో ఫొటోలు తీసి, అయిపోగానే నెట్ సెంటర్‌కి పోయి పంపమని ఆ మెయిల్ అడ్రసు కూడా అతనికే ఇచ్చాను. అంత నమ్మకస్తుడు.

అట్ట వెనక ఫొటోని నారాయణగూడ స్టూడియోలో పెద్దది చేయించాను. ఫ్రేము కట్టించే పని అత్తమ్మ తనకు ఇమ్మంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. అయినా "నేను వోయి తెస్త, నువ్వు నీ రాతల సంగతి చూస్కో" అంది. రెండేళ్లుగా కథ విన్న మనిషికి ఆ మాత్రం హక్కు ఉందనుకుని సరేనన్నాను. అన్నీ తనే హాలుకు తీసుకెళ్తానంది. దానికీ సరేనన్నాను.

ఆదివారం సాయంత్రం. సభ ఆరింటికి. నేను దారిలో బజ్జీల బండి దగ్గర ఆగాను. పొద్దున్నే చెప్పి ఉంచిన బజ్జీలు లేవు.

"అప్పుడే సినిమా వదిలిన్రు మేడమ్, క్రాస్ రోడ్స్ కెల్లి పబ్లిక్ అంత ఇటే వచ్చిండ్రు. ఏం జేయాలె?" అన్నాడు బండి అతను.

ఏం చేయాలో నేను చెప్పాను. గట్టిగానే చెప్పాను. మాట ఇచ్చినప్పుడు ఆ మాట సినిమావాళ్లకు అమ్ముకోకూడదని చెప్పాను. పక్కన జ్యూస్ బండి అతను మధ్యలో వస్తే అతనికీ నాలుగు చీవాట్లు పెట్టాను. ఆ తర్వాత, కొత్త వాయి వేయించేదాకా అక్కడే నిలబడ్డాను. ఈ విషయంలో న్యాయం నాదే. ఇప్పటికీ అదే అంటాను.

ఆలస్యమైపోయిందని, రెండు చేతుల్లో బజ్జీ పొట్లాలతో, మా బృందం సభలు జరిగే పాత ట్రస్టు భవనం మెట్లు గబగబా ఎక్కాను. పైన చడీచప్పుడు లేదు. ఒక్కడూ రాలేదనుకున్నాను. తీరా చూస్తే హాలు కిక్కిరిసి ఉంది. అందరూ లేచి నిలబడి ఉన్నారు. తలలు వంచుకుని ఉన్నారు. వేదిక మీద అధ్యక్షులవారు కళ్లు మూసుకుని ఉన్నారు.

అయ్యో, ఎవరో పోయారు అనుకున్నాను. మా బృందంలో వయసు మళ్లినవాళ్లే ఎక్కువ. ఎవరై ఉంటారా అని లెక్క వేసుకుంటూ, మర్యాద కాబట్టి నేను కూడా తలుపు దగ్గరే ఆగి, పొట్లాలు గుండెకు ఆనించుకుని, తల వంచి నిలబడ్డాను. మౌనం చాలాసేపు పట్టింది. పొట్లాలు కాలుతున్నాయి. ఇంతకూ పోయిందెవరో అని కాస్త తలెత్తి వేదిక వైపు చూశాను.

నా హంగేరీ రచయిత్రి. మెడలో చామంతి, మరువం కలిపి కట్టిన లావుపాటి దండ. నుదుట కళ్లద్దాల పైన గుండ్రటి కుంకుమ బొట్టు. ఫ్రేము అడుగున ఎర్రటి జీరో బల్బు. ముందర అగరొత్తులు. ఆ పొగలోంచి ఆవిడ ఎప్పటిలాగే కోపంగా చూస్తోంది.

"ఓం శాంతి శాంతి శాంతిః" అన్నారు అధ్యక్షులవారు. "హంగేరీ సాహిత్య గగనం ఒక ధ్రువతారను కోల్పోయింది. ఆమె లేని లోటు ఎవరూ పూడ్చలేనిది."

"ఆమె ఉన్నారండీ!" అని అరిచాను.

"అవును తల్లీ, మన గుండెల్లో ఎప్పుడూ ఉంటారు," అన్నారాయన. హాలంతా చప్పట్లు.

ఈలోగా బజ్జీల వాసన జనానికి తగిలింది. ఆ తర్వాత ఎవరికీ ఏదీ వివరించే వీలు లేకపోయింది. పొట్లాలు ఖాళీ అయ్యాయి, హాలు కూడా ఖాళీ అయింది. ఏడింటికి ఆ గ్రూప్ వన్ కుర్రాళ్లకు ఎకానమీ క్లాసట. రెండు అధ్యాయాలు నా సంచీలోనే ఉండిపోయాయి.

ముందు అధ్యక్షులవారిని పట్టుకున్నాను. "ఆవిడ బతికే ఉన్నారని ఫోన్లో చెప్పాను కదండీ?"

"చెప్పావు తల్లీ. కాదనను. కానీ ఎదురుగా దండ కనపడుతుంటే ఇక నేను ఏం మాట్లాడను?"

తర్వాత అత్తమ్మ వైపు తిరిగాను. "ఏంది అత్తమ్మా ఇది? దండ ఎందుకు వేసిన్రు?"

ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. హాలు గోడల వైపు చెయ్యి చూపించింది. చుట్టూ వరసగా కవులు, పండితులు, నవలా రచయితలు, ఒక్కొక్కరికీ ఒక్కో దండ. "దండ లేకుండ రాసేటోల్ల ఫొటో ఒక్కటన్న ఉన్నదా గీడ? బుక్కు మీదికి ఎక్కిన్రంటే పోయినట్టే గదా. ఫ్రేమాయన గూడ అడగలే. ముసలామె ఫొటో చూసి ఆయనే బల్బు వెట్టి ఇచ్చిండు."

ఆవిడతో మెయిళ్లు నడుస్తున్నాయని నేను అత్తమ్మకు చెప్పనే లేదు. చెప్పినా, కంప్యూటరంటే ఆమె దృష్టిలో కరెంటు బిల్లు.

పోనీ, దండ తీసేసి మిగిలిన నలుగురితో నవ్వుతూ ఒక ఫొటో తీయిద్దామని సీనియర్ కోసం చూశాను. లేడు. చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి కదా, నెట్ సెంటర్‌కి వెళ్లిపోయాడు. నేను పరుగున అశోక్‌నగర్ చేరేసరికి, చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"పంపిన మేడమ్. ఒట్టి ఫొటోలు పంపితే మంచిగుండదని నాలుగు ముక్కలు ఇంగ్లీష్‌ల రాసిన."

"ఏం రాసినవ్?"

జేబులోంచి చిత్తుప్రతి తీసి గర్వంగా చదివి వినిపించాడు. తెలుగులో అయితే ఇలా ఉంటుంది. "శోకతప్తులైన కుటుంబ సభ్యులకు. మీ ఇంటి పెద్ద దిక్కును కోల్పోయిన ఈ సమయంలో హైదరాబాదు పాఠకలోకం తన ప్రగాఢ సానుభూతిని తెలియజేస్తోంది. ఆమె ఆత్మకు శాంతి చేకూరుగాక."

"అది ఆమె మెయిల్ అడ్రసయ్యా!"

"ఆమెదా?" అతను బుర్ర గోక్కున్నాడు. "ఇంటోళ్లది అనుకున్న మేడమ్. పోయినామె అడ్రస్ ఎందుకిస్తరు?"

ఆ రోజు అన్నం తినలేదు. నాకు ఏడుపు వచ్చింది, కోపం కూడా వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ఏం చేయాలో తెలియక మా ఆయన మీద అరిచాను. ఆయన టీవీ సౌండు తగ్గించాడు. వెంటనే కూర్చుని రచయిత్రికి పెద్ద మెయిల్ రాశాను. మా అత్తగారిని, ఫ్రేము షాపును, అధ్యక్షులవారిని, బజ్జీల బండిని, అందరినీ వివరించాను. లిఫ్టు సంగతి అత్తమ్మ ఎలా అడుగుతుందో, ముసలాయనకు పాలు ఎవరు తెస్తారని ఎలా పట్టుబడుతుందో కూడా రాశాను. క్షమించమని ఎన్ని చోట్ల రాశానో నాకే తెలియదు.

జవాబు లేదు. వారాలు గడిచాయి. బంద్ ఉన్న రోజు, లేని రోజు, కాలేజీ నుంచి రాగానే మెయిల్ తెరవడం, మూయడం. ప్రచురణకర్త కనిపిస్తే రోడ్డు అవతలికి దాటేదాన్ని. పై పోర్షన్‌లో మాత్రం కొత్త చిక్కు. "మేడమ్, ఈమె బతికున్నదా పోయిందా అని బిట్ వస్తే ఏది టిక్ వెట్టాలె?" అని ఒకడు మెట్ల మీద ఆపి అడిగాడు. అతన్ని నేను ఏమన్నానో ఇక్కడ రాయను. ఆవిడ మనసు విరిగిపోయి ఉంటుందని, డెబ్బై ఎనిమిదేళ్ల మనిషికి తన ఫొటోకు దండ చూపించామని, పుస్తకం సంగతి ఇక మరచిపోవాలని తీర్మానించుకున్నాను. కాగితాల కట్టను బీరువా మీదికి ఎక్కించాను.

అప్పుడొచ్చింది జవాబు.

"మీ సంతాపం అందింది," అని మొదలుపెట్టింది. "ఆలస్యానికి క్షమించండి. పోయినవాళ్లకి కుదురుకోవడానికి కొంత సమయం పడుతుంది. నా కుటుంబంలో మిగిలింది నేనొక్కదాన్నే. కాబట్టి శోకతప్తులైన కుటుంబ సభ్యుల తరఫున నేనే మీ సానుభూతిని స్వీకరించి, నన్ను నేను ఓదార్చుకున్నాను. మా ప్రభుత్వం నన్ను ఒకసారి బతికుండగానే చంపేసింది. అప్పుడు ఎవరూ లేచి నిలబడలేదు. పువ్వులూ లేవు. మీరు చాలా పద్ధతిగా చేశారు.

"ఫొటోని భూతద్దం పెట్టి చూశాను. తలుపు దగ్గర పొట్లాలు పట్టుకుని తల వంచుకున్నది మీరేనని మీ మెయిల్ చదివాక తెలిసింది. అందరూ తల వంచుకున్నారు. ముందు వరసలో ఒక ముసలావిడ మాత్రం తలెత్తి నన్నే చూస్తోంది. నేనామెకు ఏదో జవాబు చెప్పాల్సి ఉన్నట్టు చూస్తోంది. లిఫ్టు సంగతి అడిగేది ఈవిడేనా? నేను పాఠకులను చూపించమన్నాను. ఒక పాఠకురాలిని చూపించారు. పుస్తకం వేసుకోండి."

నేను వంటింట్లోకి పరుగెత్తాను. అత్తమ్మ చింతపండు నానబెడుతోంది.

"అత్తమ్మా, ఆ రోజు అందరు తల వంచుకుంటె మీరెందుకు వంచుకోలే?"

"ఎందుకు వంచుకోవాలె?" అంది. ఆమె గొంతులో ఇంకా కోపం ఉంది. "నాకు కోపమొచ్చింది. రెండేండ్లు కూసోవెట్టి కథ చెప్పింది. లిఫ్టు బాగు చెయ్యకుండ, ముసలాయనకు పాలెవలు తెస్తున్నరో చెప్పకుండ పోయింది. గట్ల పోవచ్చునా? గదే అడుగుతున్న ఆమెను."

నాకు నవ్వు వచ్చింది. ఆమె చేతులు చింతపండు నీళ్లలో ఉండగానే రెండు చేతులతో పట్టుకున్నాను. "ఊకో, చీర ఖరాబైతది," అని విదిలించుకుంది. ఆ రోజు హాల్లో అరిచానే గాని, రచయిత్రి నిజంగా బతికే ఉందని ఆమెకు విడమరిచి చెప్పింది అప్పుడే. "మరి చెప్పవా? దండ ఊకనే కట్టిన," అంది. కాసేపటికి, "అయితే లిఫ్టు సంగతి అడుగు," అంది.

ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి పంపాను.

పుస్తకం 2013లో వచ్చింది. సభ అదే హాల్లో. ఈసారి ఫొటోకు దండ లేదు. అత్తమ్మ దగ్గరుండి కాపలా కాసింది. దండ వేయబోయిన అధ్యక్షులవారినే ఆపింది. ఆయన దండను చేతిలోనే పట్టుకుని గంటసేపు మాట్లాడారు. బజ్జీలు వేరే బండి నుంచి తెప్పించాను.

పుస్తకం చివర రచయిత్రి పరిచయం నేనే రాసి, సరి చూడమని అంతకుముందే ఆవిడకు పంపాను. పుట్టిన ఊరు, గడియారాల తండ్రి, దోసకాయల కార్ఖానా, అన్నీ అలాగే ఉంచింది. "రాయడం మానేశారు" అన్న వాక్యం ఒక్కటి కొట్టేసి, దాని బదులు ఇంకో రెండు రాసి పంపింది. వాటిని ఒక్క అక్షరం మార్చకుండా వేయాలన్నది ఆవిడ పెట్టిన ఒకే ఒక్క షరతు. సభలో చదివే అవకాశం నాకు ఈసారి వచ్చింది కాబట్టి, అత్తమ్మకు వినపడేలా గట్టిగా చదివాను.

"2011లో చిక్కడపల్లిలో ఈమె సంతాప సభ ఘనంగా జరిగింది. ఆ తర్వాత ఈమె మళ్లీ రాయడం మొదలుపెట్టారు; కొత్త నవల మొదటి పేజీలో, పై అంతస్తు ముసలాయనకు పాలు తీసుకుని లిఫ్టు రిపేరతను వస్తున్నాడు."